రెండో పక్క

నెలకు రెండు ఆదివారాలు విజయకుమారి మొగుడి తలకు రంగు వేస్తుంది. పెరట్లో నీళ్ల పొయ్యి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, భుజాల చుట్టూ పాత తువ్వాలు కప్పుకుని, ఫోను చూసుకుంటూ రమేష్‌బాబు కూర్చుంటాడు. ఆమె పళ్లు తోముకునే పాత బ్రష్షుతో ఎడమచెవి పైన మొదలుపెట్టి, పాయలు పాయలుగా విడదీసుకుంటూ నడినెత్తి దాకా వస్తుంది. అది ఒక పక్క. తర్వాత కుర్చీ చుట్టూ తిరిగి వెళ్లి కుడిచెవి దగ్గర మళ్లీ మొదలు. అది రెండో పక్క. ఆఖరున మీసం. మీసానికి బ్రష్షు పనికిరాదు, అగ్గిపుల్లకు దూది చుట్టి వేయాలి. పెదవి మీద చుక్క పడితే “గుడ్డిదానివా?” అంటాడు. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. పెట్టెలో వచ్చే పల్చటి చేతితొడుగులు రెండు నిమిషాలకే చిరిగిపోతాయి. వేళ్ల సందుల్లో చర్మం పొక్కి ఊడుతుంది, గోళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. దురదకు తట్టుకోలేక ఒకసారి “ఉదయగిరిలో కటింగ్ షాపులో వేయించుకోకూడదా?” అని అడిగింది. అత్త ఆదిశేషమ్మ అరుగు మీద నుంచే జవాబు చెప్పింది. “వాడు పదిమందిలో తిరిగేవాడు, షాపులో కూర్చుని రంగేసుకుంటే తలనెరిసిందని ఊరంతా తెలీదా? నీకేమే, నీ చేతులెవురు చూస్తారు?”

నిజమే, ఎవరూ చూడలేదు.

విజయకుమారికి భయాలెక్కువ. ఇంట్లో అందరూ దాన్నొక వేళాకోళం చేసుకున్నారు. కరెంటు పోతే కూతురు స్విచ్చు మీద తడిచేయి వేసిందేమో అనుకుంటుంది. ఆత్మకూరు కాలేజీ నుంచి సాయంత్రం బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బోల్తా పడిందనే అనుకుంటుంది. పురుగుమందు డబ్బాలన్నీ పొలం కొట్టంలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంటుంది. ఎలుకల మందు ఇంట్లోకి రానివ్వదు. అత్త నిద్రమాత్రలు బియ్యం డబ్బాలో దాచి, రాత్రికొకటి లెక్కపెట్టి ఇస్తుంది. పెరటి బావి మీద ఇనుప జల్లెడ వేయించేదాకా మొగుణ్ణి సతాయించింది. “మనింట్లో ఇన్‌స్పెక్టరమ్మ ఉండాది, చచ్చిపోవాలన్నా పర్మిషన్ తీసుకోవాల” అని రమేష్‌బాబు వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్విస్తాడు. నవ్వేవాళ్లకు ఆమె అక్క శీనమ్మ గురించి తెలియదు. ఇరవై రెండేళ్ల కిందట శీనమ్మ పత్తికి కొట్టే మందు తాగి చచ్చిపోయింది. వీపంతా మొగుడి బెల్టు వాతలు. నీళ్లు పోసిన ఆడవాళ్లందరూ చూశారు. పోలీసులు వచ్చినప్పుడు నాయన విజయకుమారిని పక్కకు పిలిచి, “కడుపునొప్పి తాళలేక తాగిందని చెప్పమ్మా. పోయింది ఎటూ రాదు. ఈ మాట బయటికొస్తే నీ పెళ్లి ఆగిపోద్ది” అన్నాడు. కాగితం మీద వాళ్లే రాసుకున్నారు. ఇంట్లో ఆడవాళ్లలో సంతకం పెట్టగలిగింది ఆమె ఒక్కతే. చదువుకున్న ఏడో తరగతి ఆ ఇంటికి పనికొచ్చింది ఆ ఒక్కసారే. నెలకు పెళ్లయింది.

అందుకే చంపేవన్నీ ఆమెకు తెలుసు. ఏవి ఎక్కడ ఉన్నాయో, వాటి తాళాలు ఎక్కడ ఉన్నాయో తెలుసు. తన చేత్తో తానే గిన్నెలో కలిపి, మిగిలింది బాత్రూం గూట్లో పెట్టే రంగు మాత్రం ఆ లెక్కలోకి ఎన్నడూ రాలేదు. అద్దం దగ్గర పౌడరు డబ్బా, దువ్వెన, రంగు. సింగారానికి పెట్టుకునేదాన్ని చూసి ఎవరు భయపడతారు?

ఆ ఆదివారం ఒక పక్క అయిపోయింది. విజయకుమారి కుర్చీ చుట్టూ తిరగబోతుంటే రాజమోహన్ వచ్చాడు. రమేష్‌బాబుతో పార్టీ పనులకు తిరిగేవాడు, ఏ వేళైనా పెరటి దాకా వచ్చే చనువున్నవాడు. “అన్నా, నీ కూతురు ఫేమస్ అయిపోయినాది. మాకు చెప్పనేలేదే” అంటూ ఫోను చూపించాడు. ఫోటోలో నలుగురు ఆడపిల్లలు చెక్క గరిటెలు ఎత్తి పట్టుకుని నవ్వుతున్నారు. రెండో పిల్ల లిఖిత.

ఉదయగిరిలో కొండచెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కే ఆడవాళ్ల షెడ్డుకు లిఖిత ఏడు నెలలుగా ప్రతి శనివారం వెళుతోంది. కాలేజీలో ల్యాబ్ అని ఇంట్లో చెప్పింది. విజయకుమారికి తెలుసు. తెలిసి కూడా “ల్యాబే” అని వంత పాడింది. మొదట భయపడింది, ఉలి జారి వేళ్లు తెగుతాయేమోనని. ఒకరోజు పిల్ల మొదటి గరిటె తెచ్చి చేతిలో పెట్టింది. కొంచెం వంకర. పిడి చివర వేపాకు చెక్కింది. పట్టుకుంటే తన చేతి కొలత తీసుకుని చేసినట్టుంది. ఆ గరిటెతోనే విజయకుమారి ఆ పూట పప్పు కలిపి మొగుడికి వడ్డించింది. “పప్పు బాగుండాది” అన్నాడాయన. తల్లీకూతుళ్లు వంటింట్లో నోళ్లు మూసుకుని నవ్వారు. ఆ ఇంట్లో వాళ్లిద్దరికే తెలిసిన సంతోషం అదొక్కటే.

“రమేష్‌బాబన్న ఇంట్లో ఇంక గరిటెల కరువుండదు” అని రాజమోహన్ నవ్వాడు.

రమేష్‌బాబు నవ్వలేదు. సగం నల్లగా, సగం తెల్లగా ఉన్న తలతో లేచి నిలబడి కూతుర్ని కేకేశాడు. లిఖిత వచ్చింది. ఫోటో చూసి దాచలేదు. “పది రోజులు విశాఖపట్నంలో ఎగ్జిబిషన్ నాయనా. నలుగురం పోతా ఉండాం. షెడ్డు మేడం కూడా వస్తాది. రేపు పేర్లియ్యాల. నేనే చెబుదామనుకున్నా.”

“సంతలో కూర్చుని గరిటెలమ్ముతావా? మన ఇంటా వంటా ఉండాదా ఈ పని?”

“పనే గద నాయనా. అమ్మ చేసేది పని గాదా? నీ తలకు రంగేసేది?”

చెంప మీద పడిన దెబ్బకు పిల్ల గోడకు తగిలింది. రాజమోహన్ “పోనీలే అన్నా, చిన్నపిల్ల” అన్నాడు గానీ ఫోను జేబులో పెట్టుకోలేదు. రమేష్‌బాబు లోపలికి వెళ్లి, మంచం కింద గోనెసంచి లాక్కొచ్చాడు. ఎగ్జిబిషన్‌కని ఏడు నెలలుగా చెక్కి, నూనె పట్టించి, గుడ్డలో చుట్టి దాచుకున్న గరిటెలు. ఒక్కొక్కటీ తీసి నీళ్ల పొయ్యిలో పెట్టాడు. నూనె పట్టిన చెక్క కదా, భగ్గుమని అంటుకుంది. లిఖిత ఏడవలేదు. వాళ్లమ్మ వైపు చూసింది. విజయకుమారి చేతిలో బ్రష్షు ఉంది. ఆ బ్రష్షు చివరి నుంచి ఒక నల్లటి చుక్క నేలమీద పడింది.

రమేష్‌బాబు మళ్లీ కుర్చీలో కూర్చుని తువ్వాలు సర్దుకున్నాడు. “నిలబడి చూస్తావేందే? ఆరిపోతా ఉండాది. రెండో పక్క ఎయ్.”

ఆమె రెండో పక్క వేసింది.

ఎందుకు వేసిందో తర్వాత తనను తాను ఎన్నిసార్లు అడిగినా జవాబు దొరకలేదు. భయపడిందని కూడా అనలేం. చేయి దానంతటదే పోయింది. పాయ విడదీసింది, పూసింది, పాయ విడదీసింది, పూసింది. నుదుటి మీద గీత పడితే “చూసి ఎయ్” అన్నాడు. తన కొంగుతో ఆ గీత తుడిచింది. వంటింటి కిటికీ లోంచి పిల్ల చూస్తూనే ఉంది. ఎప్పుడు కిటికీ వదిలిందో ఆమె చూడలేదు. మీసం కూడా అయ్యాక గిన్నె, సీసా ఎప్పటిలాగే బాత్రూం గూట్లో పెట్టి వంటింట్లోకి పోయింది. రాజమోహన్ అన్నానికి ఉంటాడు, కూరలోకి మసాలా నూరాలి.

మసాలా నూరి వచ్చేసరికి లిఖిత పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. పెదవులు నల్లగా ఉన్నాయి.

“తాగేసినానమ్మా” అంది. చేయి జారి పాలగిన్నె పడేసినదానిలా చెప్పింది.

విజయకుమారి అరిచిన అరుపుకు అత్త పరిగెత్తుకొచ్చి ముందు వీధి తలుపు వేసింది. “అరవబాకే, వీధిలో ఇంటారు.” రమేష్‌బాబు సీసా చూసి ఊపిరి పీల్చుకున్నాడు. అవును, ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మనిషి ముఖంలో భారం దిగిపోవడం ఆమె కళ్లారా చూసింది. “రంగే గదా. మందేం గాదు గదా. కొంప మునిగినట్టు ఏందా అరుపులు?”

“ఆస్పత్రికి పోదాం.”

“పోదాంలే. తల కడుక్కోకుండా ఎట్టా వస్తాను?”

కాగులో నీళ్లు మరిగాయి. లిఖిత గరిటెలతో కాగిన నీళ్లు. రమేష్‌బాబు ఆ నీళ్లకు చన్నీళ్లు కలుపుకొని, షాంపూ పెట్టి, రెండుసార్లు తల రుద్దుకున్నాడు. కాలవలో నల్లగా నీళ్లు పోతున్నాయి. మెట్ల మీద పిల్ల ఆ నీళ్లనే చూస్తోంది. ఈలోగా ఆదిశేషమ్మ పెరటి వాకిలి గుండా ఊళ్లో ఆర్.ఎం.పి. కామయ్యను పిలిపించింది. కామయ్య టార్చిలైటు కళ్లల్లో కొట్టి చూసి, ఇంజెక్షన్ ఒకటి పొడిచి, “కళ్లు బాగుండాయి, మాట బాగుండాది. తలకేసే రంగు, కడుపులో పడితే ఏమవుద్ది? మజ్జిగ తాపండి” అన్నాడు. “ఇన్నావు గదా? ఇన్‌స్పెక్టరమ్మా, ఇంక ఏడుపు మాని అన్నం పెట్టు” అన్నాడు రమేష్‌బాబు. ఆమె పెట్టింది. రాజమోహన్‌కి మారు కూడా వడ్డించింది. వడ్డనకు వడ్డనకు మధ్య గదిలోకి పరిగెత్తి పిల్ల ముఖం చూసి వస్తోంది. తన భయాలన్నీ పిచ్చి భయాలని ఇన్నేళ్లుగా ఇంట్లో అందరూ చెప్పి చెప్పి, ఒక్క నిజం భయం వచ్చిన రోజున దాన్ని కూడా ఆమె నమ్మకుండా చేశారు.

రెండున్నరకు లిఖిత “గొంతులో ఏందో అడ్డం పడినట్టుండాది” అంది. ఆ గొంతు లిఖితది కాదు. దవడ కింద చేయి వేస్తే పిండిముద్దలా మెత్తగా ఉబ్బి ఉంది. నాలుక పళ్లమధ్య పట్టడం లేదు. విజయకుమారి బయటికి పరిగెత్తింది. “ఇప్పుడు ఆస్పత్రికి పోతే కేసవుద్దే. ఎల్లుండి మండలం మీటింగు పెట్టుకుని…” అంటూ రమేష్‌బాబు జబ్బ పట్టుకున్నాడు. ఆ చేతి నుంచి షాంపూ వాసన వచ్చింది. ఆమె జబ్బ విదిలించుకుని, అత్త వేసిన గడియ తీసి, చెప్పుల్లేకుండా నడివీధిలో నిలబడి నూట ఎనిమిదికి ఫోను చేసింది. వాళ్లు ఏం జరిగిందని అడిగారు. వీధంతా వినేటట్టు చెప్పింది.

“నా కూతురు తలకేసే రంగు తాగినాది. పదకొండింటికి తాగినాది. ఇప్పటిదాకా మేం ఇంట్లో కూర్చోబెట్టుకున్నాం.”

అంబులెన్స్ ఆత్మకూరు చేరేసరికి పిల్ల మెడకూ ముఖానికీ తేడా లేదు. అక్కడి డాక్టరు ఒక్క చూపు చూసి, ఆక్సిజన్ పెట్టి, సెలైను ఎక్కించి, బండిలోంచి దించకుండానే నెల్లూరు పొమ్మన్నాడు. సంగం దాటుతుంటే ఊపిరి తీసినప్పుడల్లా రంపంతో కోసినట్టు చప్పుడు. విజయకుమారి ఆ చప్పుడు లెక్కపెడుతూ కూర్చుంది. చప్పుడు ఉన్నంతసేపూ పిల్ల ఉన్నట్టు. కిటికీలోంచి పెన్న కనబడితే దండం పెట్టబోయి మానేసింది. దండం పెట్టడానికి పిల్ల చేయి వదలాలి.

నెల్లూరు పెద్దాసుపత్రిలో గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టాలన్నారు. లేకపోతే పది నిమిషాలే అన్నారు. వెనక కారులో వస్తానన్న రమేష్‌బాబు ఇంకా రాలేదు. కాగితం ముందు పెట్టి “సంతకం పెట్టండమ్మా” అంటే ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. ఇరవై రెండేళ్ల తర్వాత ఇంకో కాగితం. కానీ ఇది వేరు. ఇది ఊపిరి ఆడటానికి పెట్టే సంతకం. పెట్టింది.

తర్వాతి రోజులన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. మూత్రం డికాషన్ రంగులో వచ్చి, ఆ తర్వాత రావడమే మానేసింది. తలకేసే ఆ రంగు కండలను కరిగిస్తుందనీ, కరిగినదంతా పోయి మూత్రపిండాలకు అడ్డం పడుతుందనీ, దానికి విరుగుడు మందంటూ ఏదీ లేదనీ, ఉన్నదల్లా ఊపిరి ఆడేట్టు చూసుకుంటూ, రక్తం కడుగుతూ కాసుకోవడమేననీ డాక్టరమ్మ అశ్విత చెప్పింది. పెద్ద డాక్టరు కావడానికి చదువుతున్న పిల్ల, లిఖిత కంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. విజయకుమారి రోజూ ఒకటే అడిగేది. “ఇయ్యాళ పోద్దా అమ్మా?” ఆ పిల్ల విసుక్కోకుండా “ఇవాళ కాదు” అనేది. ఆరోరోజు అడగ్గానే నవ్వి, “అడగడం మానేయండి. మూత్రం మొదలైంది” అంది. విజయకుమారి ఆ మాట వార్డు గోడకు ఆనుకుని విని, అలాగే జారి కూర్చుండిపోయింది.

పదోరోజు అశ్విత ఒక కాగితాల కట్టతో వచ్చి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. రంగు తాగి వచ్చినవాళ్ల వివరాలన్నీ ఒకచోట రాస్తోందట. ఏ ఊరు, ఎంత వయసు, తాగిన ఎన్ని గంటలకు తెచ్చారు, చివరికి ఏమయింది. “పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే మొదట్లో అన్నీ పురుగుమందులేనమ్మా. పోను పోను ఈ రంగులు కనబడుతున్నాయి. చవక, ప్రతి ఇంట్లో ఉంటుంది, ఎవరూ దాచరు. వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. లిఖిత వయసు వాళ్లే.”

“వాళ్లు బతికినారా?”

“తొందరగా వచ్చినవాళ్లలో చాలామంది బతికారు.”

“ఆలస్యంగా వచ్చినోళ్లు?”

అశ్విత పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది. “రంగే కదా అని ఇంట్లో కూర్చోబెట్టుకుంటారమ్మా. మొదట్లో మనిషి బాగానే కనబడుతుంది. వాపు మొదలయ్యాక పరిగెడతారు. మీరు తొందరగా తెచ్చారు కాబట్టి సరిపోయింది. గంటలో బయల్దేరామని మొదటిరోజు రాత్రి మీ ఆయన వచ్చి రాయించారు.”

“కొట్టెయ్యమ్మా. మూడున్నర గంటలు మా ఇంట్లోనే ఉండాది. ఆయన తల కడుక్కున్నాడు. నేను వచ్చినోళ్లకు అన్నం పెట్టినాను.”

అశ్విత ఆమె ముఖంలోకి చూసి, ఒక అంకె కొట్టేసి ఇంకో అంకె వేసింది. తర్వాతి గడి మీద పెన్ను ఆగింది. “కారణం కడుపునొప్పి అని ఉంది. కొట్టేయమంటారా, ఉంచమంటారా?” విజయకుమారి ఆ గడి వైపే చూసింది. అశ్విత కాగితాలు తిప్పుతూ తనలో తను అనుకున్నట్టు అంది. “ఇందులో సగం మందికి కడుపునొప్పేనమ్మా. స్కానింగ్ తీస్తే ఒక్కరి కడుపులోనూ ఏమీ ఉండదు.”

కాగితాలు తిరుగుతున్నాయి. ఒక్కో కాగితం ఒక్కో పిల్ల. వింజమూరు, కలువాయి, మర్రిపాడు. ఏ ఇంట్లో ఏ కిటికీ దగ్గర నిలబడి ఏం చూసిందో, ఎవరు ఏం కాల్చారో, ఏ తల్లి ఏ పక్క రంగు వేస్తూ ఉందో, అన్నీ పోయి కడుపునొప్పి. అక్క కాలానికి పత్తి మందు, కూతురి కాలానికి తల రంగు. తాగేది మారింది గానీ రాసేది మారలేదు. ఈ జిల్లా ఆడవాళ్ల కడుపులకు ఏం తెగులు పట్టిందో కనుక్కోవాలని ఇన్నేళ్లలో ఒక్క మగవాడికీ తోచలేదు. తోచదు. ఆ నొప్పి పేరు రాసిపెట్టేది వాళ్లే కాబట్టి.

ఆ సాయంత్రం లిఖితకు మెలకువ బాగా వచ్చింది. గొట్టం వల్ల మాట రాదు. నర్సు అట్ట, పెన్ను ఇచ్చింది. పిల్ల వేళ్లలో సత్తువ లేదు, ఉలి పట్టిన వేళ్లు పెన్ను పట్టలేక మూడుసార్లు జార్చాయి. నిమిషానికొక అక్షరం రాసింది. చావాలనుకోలేదమ్మా, కోపమొచ్చింది, అని. విజయకుమారి కూడబలుక్కుంటూ చదివి తలూపింది. పిల్ల ఇంకా ఏదో రాస్తోంది. నీళ్లు అడుగుతుందేమో, విశాఖపట్నం అడుగుతుందేమో అనుకుంది. అట్ట తిప్పి చూపించింది.

రెండో పక్క కూడా వేశావు గదమ్మా.

ఇన్నేళ్లుగా ఆమె భయపడిన వాటిలో ఈ వాక్యం లేదు. దీనికి తాళం వేసే కొట్టం లేదు. విజయకుమారి అట్ట తీసుకుని, గుండెలకు ఆనించుకుని, ఇంకా నల్లగానే ఉన్న తన గోళ్లవైపు చూసుకుంటూ కూర్చుంది. పది రోజులుగా ఎన్నిసార్లు సబ్బుతో తోమినా పోలేదు.

పదమూడోరోజు రమేష్‌బాబు మళ్లీ వచ్చాడు. వెంట రాజమోహన్, ఆస్పత్రి అవుట్‌పోస్టు కానిస్టేబుల్ అంకారావు. రమేష్‌బాబు చెవుల పక్కన, పాపిడి దగ్గర తెల్లటి అంచు మొలిచింది. చేతిసంచిలో ఆమెకు రెండు చీరలు తెచ్చాడు. చీరల మధ్య రంగు పెట్టె ఉంది. ఆమె చూసిందని చూసి, “ఇంటికొచ్చినాక ఎయ్యొచ్చులే. లేదంటే పైన బాత్రూంలో ఇప్పుడే కాస్త… రేపు మంత్రి వస్తా ఉండాడు” అన్నాడు. విజయకుమారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాసేపు నమ్మలేదు. సంచి మూతి ముడేసి స్టూలు కింద పెట్టింది.

కారిడార్ చివర రమేష్‌బాబు గొంతు తగ్గించాడు. “నేను చెప్పిందంతా రాసుకున్నారు. పాపకు మాట రాదు గాబట్టి తల్లి సంతకం కావాలంట. కడుపునొప్పి అను, సంతకం పెట్టు, అంతే. వాగబాకు. రేపు దానికి సంబంధాలు చూడాల్నా వద్దా?”

నాయన గొంతు. అచ్చం నాయన గొంతు. ఇరవై రెండేళ్ల కింద ఆమె పెళ్లి కోసం అక్కను రెండోసారి చంపిన గొంతు. ఆ సంతకం మీద నిలబడిన ఇల్లు ఇది. ఆ సంతకంతోనే తనకు ఈ కుర్చీ వెనక చోటు, ఈ బ్రష్షు, ఈ గోళ్లు దక్కాయి. ఇప్పుడు లిఖితను కూడా అలాంటి ఇంకో కుర్చీ వెనక నిలబెట్టడానికి ఇంకో సంతకం కావాలి.

అంకారావు బెంచీ మీద కూర్చుని కాగితం తొడ మీద పెట్టుకున్నాడు. పాపం, నిద్రలేని కళ్లు, మంచివాడిలాగే ఉన్నాడు. “పిల్ల మీద కేసేమీ ఉండదమ్మా, భయపడబాకండి. ఎందుకు తాగిందో రాసుకుంటాం అంతే. కడుపునొప్పి అన్నారు సారు. ఇక్కడ పెట్టండి” అంటూ పెన్ను చాపాడు.

“రాసింది చదవండి సార్.”

“ఏందమ్మా?”

“నేను ఏడో తరగతి. గొలుసుకట్టు రాత చదవలేను. చదివి ఇనిపించండి.”

అంకారావు చదివాడు. నాలుగు ముక్కలు. మూడో ముక్కలో కడుపునొప్పి ఉంది. రమేష్‌బాబు గోడకానుకుని ఫోను చూసుకుంటున్నాడు. అంత ధీమా. ఇరవై రెండేళ్ల ధీమా.

“కొట్టెయ్యండి” అంది విజయకుమారి. “నా కూతురుకు కడుపునొప్పి లేదు. ఎన్నడూ లేదు. ఏడు నెలలు చెక్కుకున్న గరిటెలు వాళ్ల నాయన పొయ్యిలో పెట్టినాడు. పరాయోడి ముందర చెంప మీద కొట్టినాడు. రాసుకోండి. అది తాగినాక ఆయన తల కడుక్కున్నాడు, మూడున్నర గంటలు ఇంట్లో పెట్టినాం. అది కూడా రాసుకోండి.”

“ఏందే! పిచ్చి పట్టిందా?” రమేష్‌బాబు ఫోను దించాడు. వార్డు తలుపు దగ్గర అశ్విత ఆగిపోయింది. “సారూ, మనిషి పదమూడు రోజులుగా నిద్రలేదు, ఆమె మాటలు పట్టించుకోబాకండి. మొదటినుంచీ భయాలమనిషి” అని రాజమోహన్ అందుకున్నాడు.

“భయాలమనిషినే. అందుకే చెప్తా ఉండాను.” ఆమె గొంతు పెరిగింది. బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లు తలలు తిప్పారు. “నా పేరు కూడా రాయండి. పిల్లను కొట్టినాక, వస్తువులు కాల్చినాక, రెండో పక్క ఎయ్యమంటే నేను ఏసినాను. పిల్ల కిటికీలోంచి చూస్తా ఉండాది. అది చూసి తాగినాది. నేను ఎయ్యకుండా ఉంటే తాగేది గాదు. రాయండి సార్, ఆపబాకండి.”

అంకారావు పెన్ను కాగితం మీద నిలిచిపోయింది. రమేష్‌బాబు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తర్వాత నిదానంగా పాత కాగితం మడిచి, కొత్త కాగితం తీశాడు. ఆమె చెప్పిందంతా రాసి, పైకి చదివి వినిపించాడు. ఒక్కో మాట సరిచూసుకుని విజయకుమారి సంతకం పెట్టింది. నల్లటి గోరు కింద నీలం అక్షరాలు. “ఇంటికి రా, నీ సంగతి చూస్తా” అన్నాడు రమేష్‌బాబు పళ్లబిగువున. ఆమె స్టూలు కింది నుంచి సంచి తెచ్చి అతని చేతికిచ్చింది. ముడి విప్పలేదు. లోపల రంగుపెట్టె గలగలమంది.

“ఇంక నువ్వే ఏసుకో” అంది. ఇరవై రెండేళ్లలో అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

అంకారావు కాగితాలు సర్దుకుని లేవబోయాడు. ఆమె అతని ఎదురుగా బెంచీ మీద కూర్చుంది, లేచే మనిషిలా కాకుండా, ఇప్పుడే వచ్చిన మనిషిలా.

“కూర్చోండి సార్. ఇంకో కాగితం తీసుకోండి. ఇరవై రెండేళ్ల కింద మా అక్క శీనమ్మకు కూడా కడుపునొప్పి లేదు.”